వృద్ధసేవలో మేము తెలుసుకొన్నది

(కార్తీక మాస ఉపన్యాసమాలలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మాసమంతా ఈ వేదికపై మాట్లాడినవారు శాస్త్రం చదివినవారు, పురాణం చెప్పగలవారు. మేము అట్టివారం కాము. ఒక వృద్ధాశ్రమం నిర్వహణ బాధ్యతను ఇరవై ఆరు సంవత్సరాలు వహించి, ఇటీవలనే ఆ బరువు దించుకొన్నవారం. లెక్కలు వ్రాయడం, బియ్యం కొలిచి ఇవ్వడం, మందుల చీటీలు సరిచూడడం, రాత్రివేళ మంచాల మధ్య తిరిగి ఎవరు నిద్రించారో, ఎవరు మేలుకొని ఉన్నారో చూచుకోవడం, ఇదే మా విద్య. అయినను, "మీరు కన్నులారా చూచినది చెప్పండి, చాలును" అని ధర్మకర్తలు కోరినందున ఈ సాహసం చేస్తున్నాము.

మమ్ములను కలిసిన ప్రతివారూ ఒకే మాట అనేవారు: "ఎంతమంది తల్లిదండ్రులకు సేవ చేస్తున్నారండీ! మీ పుణ్యానికి కొదవేమున్నది?" ఆ మాట వినగా వినగా మేమును నిజమేననుకొన్నాము. ఆ అనుకోవడంలో ఎంత లోపమున్నదో తెలియడానికి మాకు పదకొండు సంవత్సరాలు పట్టినది. ఆ లోపమేమిటో, దానిని మాకు తెలియజెప్పినవారు ఎవరో మీ ముందు దాపరికం లేకుండా చెప్పుకోవడమే నేటి మా ప్రసంగ విషయం.

ముందుగా ఆశ్రమంలో జరిగే పని ఎట్టిదో కొంత మనవి చేస్తాము. ఇంట్లో పెద్దలున్న వారికి ఇది ఉపయోగపడగలదు.

మా ఆశ్రమంలో నలభై మంది ఉండేవారు. వారిలో పది, పన్నెండు మంది మంచం దిగలేనివారు. అట్టివారిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పుతుండవలెను. తిప్పనిచో నడుము దిగువన, మడమల వద్ద చర్మం కమిలి పుండు పడుతుంది. ఆ పుండు స్వల్పకాలపు అశ్రద్ధ వలన వస్తుంది. మానడానికి నెలలు పట్టవచ్చును. అన్నం పెట్టేటప్పుడు కూర్చుండబెట్టి పెట్టవలెను. పడుకోబెట్టి పెడితే ముద్ద గాలిగొట్టంలోకి పోయే ప్రమాదమున్నది. తిన్న తర్వాత కూడా ఒక అరగంట కూర్చుండనీయవలెను. వయస్సు మీరినవారికి దాహం సరిగా తెలియదు. ఒంటిలో నీరు తగ్గుతున్నను నోరు అడగదు. కావున వైద్యులు నీరు తగ్గించమని చెప్పని పక్షంలో, ఎండకాలంలో వారు అడిగేవరకు ఆగక మనమే గుక్కెడు గుక్కెడుగా మజ్జిగయో, మంచినీరో ఇస్తుండవలెను. చక్కెర వ్యాధికి మందు వాడేవారు వేళకు తినకపోతే చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పవచ్చును. ఇక నడుస్తున్న పెద్దలను ఉన్నపళంగా మంచానికి చేర్చేది స్నానాల గదిలో కాలుజారి పడడం. తుంటి ఎముక విరిగితే ఆ వయస్సులో తిరిగి లేచి నడవడం ఎంత కష్టమో చూచినవారికే తెలుసు. పట్టుకొనడానికి గోడకు ఒక కమ్మీ, రాత్రంతా వెలిగే ఒక చిన్న దీపం, తడిలేని నేల, ఈ మూడూ ఉంటే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి.

ఇవన్నీ మేము క్రమక్రమంగా నేర్చుకొన్నాము. నేర్పినవారిలో వైద్యులున్నారు, నర్సులున్నారు. అందరికన్న ఎక్కువగా నేర్పినవారు మా ఆశ్రమంలోని ఆయాలు. కన్నబిడ్డలు ముక్కు మూసుకొనే పనిని వారు అసహ్యం లేకుండా చేసేవారు. వారికి మేమిచ్చిన జీతం వారి సేవకు ఏనాడూ సరిపోదు.

అయితే పద్ధతి వచ్చినంత మాత్రాన సేవ వచ్చినట్లు కాదు. ఈ సంగతి చెప్పడానికి మా తప్పిదమొకటి చెప్పవలసియున్నది.

పుట్టినరోజులకు, తద్దినాలకు అన్నదానం చేయించే దాతలు మా ఆశ్రమానికి వచ్చేవారు. వారి ధర్మం వలననే ఆశ్రమం నడిచినది. దానిని మేము మరువలేము. ఒకనాడు ఒక దాతగారు పన్నెండు గంటలకు కుటుంబంతో వస్తామని కబురు చేశారు. స్వహస్తాలతో వడ్డించాలని వారి ముచ్చట. పన్నెండు అయినది, ఒంటిగంట అయినది, రెండు కావచ్చినది. విస్తళ్లు వేసి, పెద్దలను పంక్తిలో కూర్చుండబెట్టి, వడ్డన ఆపి మేము వాకిటి వైపు చూస్తూ ఉన్నాము. ముందే వడ్డిస్తే దాతగారి మనస్సు నొచ్చుకొనునేమో అని మా భయం. ఇంతలో పంక్తిలో ఉన్న ఒక పెద్దాయన ప్రక్కకు ఒరిగిపోయారు. ఆయన చక్కెర వ్యాధికి మందు వేసుకొన్నవారు. ఇంకా స్పృహ ఉండగానే చక్కెర నీళ్లు త్రాగించి, వైద్యుని పిలిపించి, దైవానుగ్రహం వలన గట్టెక్కాము.

తేరుకొన్న తర్వాత, "ఆకలవుతున్నదని ఒక్క మాట చెప్పలేకపోయారా?" అని అడిగాము. ఆయన ఇట్లా అన్నారు: "చెబుదామనే అనుకున్నానయ్యా. ఊరికే పెట్టే అన్నానికి తొందరేమిటంటారని ఊరుకున్నాను."

సోదరులారా, ఆయన ఒకప్పుడు నలుగురికి అన్నం పెట్టిన గృహస్థు. మా ఆశ్రమంలో ఉండగా ఆకలి అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. తప్పు దాతగారిది కాదు. వారు దారిలో చిక్కుకొన్నారు. తర్వాత వచ్చి మాకన్న ఎక్కువగా బాధపడ్డారు. తప్పు మాది. నలభై మంది ఆకలి కన్న ఒకరి మెప్పు మాకు పెద్దదిగా కనబడినది. మరునాటి నుండి ఎవరు వచ్చినను, రాకపోయినను పన్నెండు గంటలకు గంట కొట్టి వడ్డించడం మొదలుపెట్టాము. కాని ఆయన మాటలోని అసలు సంగతి అప్పటికి మాకు పూర్తిగా బోధపడలేదు. వేళకు అన్నం పెట్టడమే దానికి జవాబు అనుకొన్నాము.

మరొకరు ఉండేవారు, పూర్వం పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసిన ఒక తల్లి. ఆమెకు మతిమరుపు వ్యాధి ముదిరినది. సాయంకాలమయ్యేసరికి చీరలు మూటకట్టుకొని, "బడికి వేళయింది, గేటు తీయండి" అని తొందరపడేవారు. మేము దగ్గర కూర్చుని, "అమ్మా, మీరు పదవీ విరమణ చేసి ఇరవై ఏండ్లయినది, ఇది వృద్ధాశ్రమం" అని ఓపికతో సత్యం బోధించేవారం. ఆమె ప్రతి సాయంకాలం ఆ వార్త క్రొత్తగా విన్నట్లు ఏడ్చేవారు.

మా వద్ద పనిచేసే ఆయా ఒకామె చదువుకోలేదు. ఒక సాయంకాలం ఆమె మూట క్రింద పెట్టించి, తాను నేల మీద కూర్చుని, "టీచరమ్మగారూ, ఈయాల ఏం పాఠం చెబుతారు?" అని అడిగినది. ఆ తల్లి ముఖం వెలిగినది. రెండవ ఎక్కం మొదలుపెట్టి భోజనపు గంట వరకు చెబుతూనే ఉన్నారు. నాటి నుండి సాయంకాలం ఏడ్పు బాగా తగ్గినది. ఆ ఆయాకు ఎక్కాలు కొంచెం వచ్చినవి. మేము ఆ తల్లికి సమాధానం చెప్పాలని చూచాము. ఆయా ఆమెను ప్రశ్న అడిగినది. వ్యత్యాసమంతా అక్కడనే ఉన్నది.

ఇక మా సంగతికి వస్తాము.

మా తల్లిగారు అప్పటికి ఎనభై దాటినవారు. మా ఇంటిలోనే ఉండేవారు. వేళకు అన్నం, పూజకు పువ్వులు, మందులు, మా ధర్మపత్ని ఏ లోటూ రానిచ్చేది కాదు. మేము తెల్లవారకముందే ఆశ్రమానికి వెళ్లి, రాత్రి అక్కడ అందరూ నిద్రించిన తర్వాత ఇల్లు చేరేవారం. భోజనం చేస్తూ ఆనాటి సంగతులు ఇంట్లో చెప్పేవారం: ఎవరికి జ్వరం తగ్గినది, ఎవరికి కొడుకు నుండి ఉత్తరం వచ్చినది, ఉదయం పలకరిస్తే ఎవరు ఏమన్నారు. ప్రక్కగదిలో మంచం మీద పడుకొని మా తల్లిగారు అదంతా వినేవారు. ఆమె వింటున్నారన్న ధ్యాస కూడా మాకు ఉండేది కాదు.

ఒకనాటి రాత్రి మమ్ములను పిలిచి ఇట్లా అన్నారు:

"నాయనా, ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయిందంటున్నావు. అది నాకిప్పించరాదూ?"

మేము నవ్వాము. "ఎందుకమ్మా, నీకిక్కడ ఏం తక్కువయింది?"

"తక్కువేం లేదురా. కోడలు మహాలక్ష్మి. కాని అక్కడి వాళ్లను పొద్దున్నే 'రాత్రి నిద్ర పట్టిందా' అని అడుగుతావట కదా. అక్కడుంటే నన్నూ అడుగుతావని."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్న విషయం ఉన్నట్లు చెప్పారు. మాకు నోట మాట రాలేదు. నలభై మందిని పేరుపేరునా పలకరించిన నోరు, కన్నతల్లిని పలకరించి ఎన్నాళ్లయినదో జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించి, జ్ఞాపకం రాక సిగ్గుపడ్డాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నతనంలో ఆమె నోటనే విన్న భారత కథ ఒకటి మనస్సులో మెదలినది. అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ అది. మీలో పలువురికి తెలిసినదే.

కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు క్రింద వేదం వల్లిస్తుండగా కొంగ ఒకటి ఆయనపై రెట్ట వేసినది. ఆయన కోపంతో చూడగా అది చచ్చిపడినది. పిమ్మట భిక్షకు వెళ్లిన ఇంటిలో ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు ముందు వడ్డించి, ఆలస్యంగా భిక్ష తెచ్చినది. కౌశికుడు మండిపడగా, తాను కొంగను కానని ఆమె నెమ్మదిగా చెప్పి, ధర్మం తెలియవలెనన్న మిథిలకు పోయి ధర్మవ్యాధుని దర్శించమన్నది. తపస్వి వెళ్లి చూడగా ఆ ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకొనేవాడు! ఆయన కౌశికునికి ధర్మసూక్ష్మాలెన్నో చెప్పి, చివరకు ఇంటికి తోడ్కొనిపోయి, ఉన్నతాసనాలపై కూర్చున్న తన వృద్ధ తల్లిదండ్రులను చూపి, తన దేవతలు వీరేనన్నాడు. వారికి తానే స్నానం చేయించి, తానే అన్నం పెట్టి, వారికి ఇష్టమైన మాటలే పలుకుతూ, అప్రియమైన మాట నోట రానీయనని చెప్పాడు.

ఇంతవరకు అందరికీ జ్ఞాపకముంటుంది. ఆ తర్వాతి మాటను మనం తరచు మరచిపోతాము. ధర్మవ్యాధుడు కౌశికునితో, "వేదాధ్యయనం కొరకు తల్లిదండ్రుల అనుమతి లేకయే ఇల్లు విడిచి వచ్చావు, నీకై దుఃఖించి వారు అంధులైనారు, వెళ్లి వారిని సంతోషపెట్టు" అన్న అర్థం వచ్చేటట్లు హెచ్చరించాడు. అధ్యయనం గొప్పదే. కాని ఇంటిలో ఇద్దరి కన్నులు పోగొట్టి చేసిన అధ్యయనమది.

కౌశికుడు వేదాధ్యయనం కొరకు తల్లిదండ్రులను విడిచాడు. మేము వృద్ధసేవ కొరకు వృద్ధమాతను విడిచాము. ఆయన దూరదేశం పోయాడు. మేము ఒకే కప్పు క్రింద ఉండి దూరమైనాము. ఆయనకు ధర్మవ్యాధుడు చెప్పినది, మాకు మా తల్లిగారే చెప్పారు.

మరునాడు ఉదయం ఆశ్రమానికి బయలుదేరే ముందు ఆమె మంచం వద్ద కూర్చుని, "అమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగాము. ఆమె నవ్వి, "చెబితే గాని అడగవన్నమాట" అన్నారు. ఆ మాట తగిలినది, తగలవలసినదే. కాని ఆ పూట నుండి కాఫీ త్రాగినంత సేపు అక్కడ కూర్చునడం నియమం చేసుకొన్నాము. మొదట ఆమె నిద్ర సంగతే చెప్పేవారు. తర్వాత కల వచ్చినదని చెప్పేవారు. ఆపైన మా తండ్రిగారి సంగతులు, చనిపోయిన మా అక్కగారి సంగతులు, ఎవరికీ చెప్పని అప్పుల సంగతులు. ఆ తర్వాత మూడు సంవత్సరాలు ఆమె జీవించారు. అరవై ఏండ్లకు దగ్గరపడిన వయస్సులో మేము మా తల్లిని క్రొత్తగా తెలుసుకొన్నాము. చివరి దినాలలో మాట పడిపోయినది. అప్పుడును ఉదయం అడిగేవారం. కనురెప్పలతో జవాబు చెప్పేవారు.

అప్పుడు గాని ఆ పంక్తిలో ఒరిగిపోయిన పెద్దాయన మాట మాకు అర్థం కాలేదు. ఆయనకు తక్కువైనది అన్నం కాదు. తాను నోరు తెరచి చెబితే వినేవారున్నారన్న నమ్మకం తక్కువైనది.

పోషణ వేరు, ఆదరణ వేరు అనడానికి ధృతరాష్ట్ర మహారాజు కథయే సాక్ష్యం. యుద్ధానంతరం ఆయన పదిహేను సంవత్సరాలు ధర్మరాజు ఇంటిలో ఉన్నాడు. అన్నవస్త్రాలకు, గౌరవానికి లోటు రానీయరాదని ధర్మరాజు తమ్ములను ఆదేశించాడు. అన్నియు జరిగినవి. కాని భీమసేనుడు పూర్వపు అవమానాలు మరువలేక, ఆ వృద్ధ దంపతులు వినేటట్లు భుజాలు చరచి, వారి కుమారులను తాను చంపిన సంగతి పలికేవాడు. రాజభవనంలో ఉన్న భోగాలన్నీ కలిసి ఆ మాటల పోటును మాన్పలేకపోయినవి. ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరాడు. తిక్కన సోమయాజి తెనిగించిన ఆశ్రమవాస పర్వంలో ఈ గాథ ఉన్నది. భీముని వైపు న్యాయం లేదనలేము. న్యాయం ఉన్నను, ముసలితనంలో ఉన్నవారి చెవిన వేయదగిన మాట కాదది. ఇంటిలో పాత తగాదాలు ఎన్ని ఉన్నను, తండ్రి అన్యాయమే చేసియున్నను, అన్నం ముందు కూర్చున్న వృద్ధునికి వాటిని గుర్తుచేయకుండుటయే ధర్మం.

నేటి పిల్లలందరూ తల్లిదండ్రులను విడిచిపెట్టినారని నిందించడానికి మేము రాలేదు. మా అనుభవం అట్లా చెప్పదు. ఒక తండ్రికి అమెరికాలో ఉన్న కుమారుడు ప్రతి ఉదయం ఏడు గంటలకు ఫోను చేసేవాడు. ఆ గంట మ్రోగే వేళకు ఆయన స్నానం చేసి, విభూతి పెట్టుకొని సిద్ధంగా కూర్చునేవారు. మరొక తండ్రికి అదే ఊరిలో ఉన్న కుమారుడు నెలనెలా డబ్బు పంపి, ఏడాదికొకసారి కూడా గడప తొక్కలేదు. దూరాన్ని మైళ్లతో కొలవరాదని ఆ ఇద్దరు తండ్రులు మాకు నేర్పారు. అట్లే, ఉద్యోగాల వలన, అనారోగ్యాల వలన, ఇంటిలో పగలంతా చూచుకొనే దిక్కులేక ఆశ్రమంలో చేర్చి, ప్రతి ఆదివారం వచ్చి తల్లి తలకు నూనె రాసే కుమార్తెలను చూచాము. ఆశ్రమంలో చేర్చడం పాపం కాదు. చేర్చి మరచిపోవడం పాపం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. ఆ తర్వాత ఆ సంఖ్య పెరుగుతూనే వచ్చినది. వారి రక్షణకు 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసినది. పోషణ కొరకు పెద్దలు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చును. చూచుకొంటారన్న షరతుతో ఆస్తి వ్రాసి ఇచ్చిన తర్వాత చూచుకోకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించే అవకాశం 23వ సెక్షను కల్పించినది. విడిచిపెట్టి పోయినవారికి మూడు నెలల వరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. కష్టంలో ఉన్న వృద్ధులు 14567 అనే నెంబరుకు ఫోను చేసి సహాయం కోరవచ్చును. ఈ సంగతులు తెలియక కుమిలిపోయే పెద్దలు ఎందరో ఉన్నారు, తెలిసినవారు తెలియజేయండి. పెద్దలకును ఒక మనవి: ప్రేమతో ఇవ్వండి, కాని బ్రతికియుండగానే కట్టుబట్టలతో మిగిలేటట్లు సర్వం వ్రాసి ఇవ్వకండి.

చట్టం అన్నం పెట్టించగలదు. అద్దె ఇప్పించగలదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగించగల న్యాయస్థానం మాత్రం ఏ జిల్లాలోనూ లేదు. అది మన చేతిలో ఉన్న పని.

కావున ఈ కార్తీక మాసంలో మీరు పట్టే నియమాలతో పాటు మరి రెండు నియమాలు పట్టవలసినదిగా ప్రార్థిస్తున్నాము. మొదటిది: ఇంటిలో పెద్దలున్నవారు ప్రతి ఉదయం వారి వద్ద కూర్చుని ఒక ప్రశ్న అడగండి, అడిగి, నిలబడి గాక కూర్చుని జవాబు వినండి. చెప్పినదే చెప్పినను వినండి. వారికి చేతనయిన పని ఏదైనా, వత్తులు చేయడమో, కూర ఏమి వండాలో చెప్పడమో, వారికి వదలండి. రెండవది: తల్లిదండ్రులు లేనివారు దగ్గరలో ఉన్న వృద్ధాశ్రమానికి నెలకొక పూట వెళ్లండి. అన్నదానం చేయగలిగితే చేయండి. చేయలేకపోతే, ఆశ్రమంవారి అనుమతితో ఒకరికి గోళ్లు తీయండి, ఒకరికి ఉత్తరం చదివి పెట్టండి, ఒకరితో ఎక్కాలు చెప్పించుకోండి. దానికి ఖర్చు లేదు.

తైత్తిరీయోపనిషత్తులో విద్య ముగించి ఇంటికి పోయే శిష్యునికి గురువు తల్లిని, తండ్రిని దైవంగా భావించమని బోధించాడు. దేవాలయానికి వచ్చి దైవాన్ని మనం ఎన్నో అడుగుతాము. ఇంటిలో ఉన్న ఈ దైవాలు మాత్రం మనం వచ్చి అడిగితే చాలునని ఎదురుచూస్తూ ఉంటారు. ఇప్పుడు సభ ముగిసిన తర్వాత ఇల్లు చేరేసరికి మీ ఇంటి పెద్దలు ఇంకా మేలుకొని ఉండవచ్చును. గదిలో దీపం వెలుగుతూ ఉంటే, ఒక్కసారి లోనికి వెళ్లి పలకరించండి.

స్వామివారి అనుగ్రహం మీ గృహాలలోని పెద్దలపైన, వారిని చూచుకొనే మీపైన సదా ఉండుగాక.

స్వస్తి.